క్లామ్ లైటు అడుగుతున్న మా కస్టమర్లకు

నమస్కారం. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి మా దుకాణానికి వచ్చేవారు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: రెండడుగుల ఉప్పునీటి రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే అక్వేరియంలో) క్లామ్‌ను, అంటే రంగుల సముద్రపు ఆల్చిప్పను పెంచాలంటే ఎన్ని వాట్ల లైటు కావాలి? వీడియోల్లో ఆ నీలం, ఆకుపచ్చ మెరుపులు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. నాకూ ఆ జీవి అంటే ప్రాణం. అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మేము క్లామ్‌లు అమ్మం, ఎక్కడి నుంచీ తెప్పించి ఇవ్వం. దాని పేరు చెప్పి ఖరీదైన లైటూ అంటగట్టం.

మన చెరువుల్లో దొరికే ఆల్చిప్పలకు వెలుతురుతో పనిలేదు, నీటిని వడకట్టుకుని అందులోని నలుసులు తిని బతుకుతాయి. మీరు అడిగే సముద్రపు ట్రైడాక్నా జాతి క్లామ్‌లూ నీటిని వడకడతాయి కానీ, వాటి తిండిలో పెద్ద వాటా వెలుతురు నుంచే రావాలి. పెంకుల మధ్య నుంచి బయటికి పరుచుకునే మెత్తటి కండపొరలో కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు ఉంటాయి. అవి ఎండను పట్టి చక్కెరలు తయారుచేసి క్లామ్‌కు పెడతాయి. ఆ పొర అంచున వందల కొద్దీ చిన్న చిన్న కళ్లుంటాయి. పైన చెయ్యి నీడ పడితే చాలు, పొరను లోపలికి లాక్కుని పెంకు మూసేస్తుంది. నీడను అంత చురుగ్గా పసిగట్టే ఈ జీవి, వెలుతురు చాలకపోతే మాత్రం వెంటనే బయటపడదు. పెంకు పెరగడం ఆగుతుంది, పొర కుంచించుకుపోతుంది, రంగు పాలిపోతుంది. మన కంటికి తెలిసేసరికి చాలాకాలంగా పస్తులున్నట్టే లెక్క.

వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయే తప్ప, నీటి అడుగున నాచుకు అందే వెలుతురును కాదు. దాన్ని కొలిచే లెక్క పార్. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అది సుమారు 2000 ఉంటుంది. ట్రైడాక్నాల్లో క్రోసియా, మాక్సిమా రకాలకు, అవి కూర్చున్న చోటే కనీసం 250 నుంచి 400 దాకా అందాలని పెంపకందారుల అనుభవం. స్క్వామోసా, డెరాసాలకు 150 నుంచి 200 ఉన్నా సర్దుకుంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. చిన్న ట్యాంకులో పట్టేది 15 సెంటీమీటర్లు దాటని క్రోసియా ఒక్కటే, అందరికన్నా ఎక్కువ వెలుతురు అడిగేదీ అదే. తక్కువ వెలుతురుతో గడిపే డెరాసా అర మీటరు దాకా పెరుగుతుంది, రెండడుగుల ట్యాంకులో దాన్ని ఎక్కడ పెడతారు?

ఫోనులో లక్స్ యాప్‌తో కొలిచామని కొందరు చూపిస్తున్నారు. లక్స్ మన కంటికి ప్రకాశంగా తోచే పచ్చ, పసుపు వెలుగుకే పెద్దపీట వేస్తుంది. రీఫ్ లైట్లలో ముఖ్యమైన నీలాన్ని తక్కువగా చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి లైటు కొనవద్దు.

బలమైన లైటు పెట్టినా మన ఊరి మే నెల ఊరుకోదు. బయట 44, 45 డిగ్రీల ఎండలో కొద్దిపాటి నీటిని 26 డిగ్రీల దగ్గర నిలపాలంటే నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం ఆగకుండా తిరగాలి. నీరు ఆవిరైన కొద్దీ ఉప్పు శాతం పెరుగుతుంది. కరెంటు పోతే అన్నీ ఒక్కసారే అదుపు తప్పుతాయి. ఫ్లోరైడ్ ఉన్న మన బోరు నీళ్లు ఎలాగూ పనికిరావు, ఆర్‌ఓ నీళ్లే పోయాలి.

వీటన్నిటికీ మించి చట్టం ఉంది. లక్షద్వీప్, అండమాన్ సముద్రాల్లో బతికే మాక్సిమా, స్క్వామోసాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. గట్టి పగడాలకూ ఇదే వర్తిస్తుంది. కొరియర్‌లో గుట్టుగా పంపిస్తామనే వారి మాట నమ్మి డబ్బు కట్టకండి. ఈ బేరం వదులుకుంటే మాకు నష్టమే, అయినా ఈ విషయంలో బతిమాలినా లాభం లేదు.

ఉప్పునీటి ట్యాంకులు ఉన్నవారి కోసం పార్ మీటరు ఒకటి కొన్నాం. నల్లగొండలోనూ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లోనూ ఇంటికే వచ్చి ఉచితంగా కొలిచి పెడతాం. మష్రూమ్, జోయాంథస్ లాంటి, పగడాలను పోలిన మెత్తటి జీవులకు 50 నుంచి 100 పార్ చాలు. చాలామంది ఇళ్లలో ఇప్పుడున్న లైటే సరిపోవచ్చు, అలాంటప్పుడు కొత్తది కొనవద్దనే చెబుతాం. ఫోను చేసేముందు ట్యాంకు లోతు, నీటి నుంచి లైటు ఎత్తు కొలిచి పెట్టుకోండి. లైటు స్విచ్ ఆపి, దాని అద్దం మీద పేరుకున్న తెల్లటి ఉప్పు పొరను తడిబట్టతో తుడవండి. వెలుతురును అది చాలా వరకు అడ్డుకుంటుంది.