‘అనర్హులు’ వద్దు, ‘అర్హత లేనివారు’ అని రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

సచివాలయాల గోడల మీద, ఏటిగట్ల మీద, గ్యాసు పైపులైన్ల పక్కన ప్రజల కోసం రాసి పెడుతున్న తెలుగును గురించి మీ పత్రిక ద్వారా అధికారులకు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను కోనసీమ బడుల్లో ముప్పయ్యేళ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని.

మొన్న వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ మా అరుగు మీదకు వచ్చి, “మాస్టారూ, పింఛనుకి నా పేరు వచ్చేసిందండి, గోడకి అంటించారు, నేనే చదువుకున్నానండి” అని ఎంతో సంతోషంగా చెప్పింది. ఆమె ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి. నెల గడిచినా డబ్బు చేతికి రాకపోవడంతో నన్ను తోడు తీసుకువెళ్లింది. ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది. పైన పెద్ద అక్షరాలతో ఉన్న శీర్షిక ‘అనర్హుల జాబితా’. ఆమె దాన్ని ‘అర్హుల జాబితా’ అని చదువుకుంది. రెండింటికీ తేడా ఒక్క ‘న’ మాత్రమే. వరుస సంఖ్య పక్కన తన పేరూ, భర్త పేరూ, ఇంటి నంబరూ తప్పు లేకుండా ఉండేసరికి, పైనున్న మాటను మళ్లీ కూడబలుక్కోవాలని ఆమెకు తోచలేదు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇచ్చిన గడువు అప్పటికే దాటిపోయింది.

ఈ ‘న’ చాలా దూరం నుంచి వచ్చింది. లేదు, కాదు అని చెప్పే ‘న’ మరో మాటకు ముందు చేరినప్పుడు, హల్లు ఎదురైతే నకారం పోయి ‘అ’ మిగులుతుందనీ, అచ్చు ఎదురైతే ‘అన్’ అవుతుందనీ సంస్కృత వ్యాకర్త పాణిని సూత్రాలు చెబుతున్నాయి. అందువల్లనే న్యాయం కానిది అన్యాయమైంది, అర్హత లేనివాడు అనర్హుడయ్యాడు. గ్రీకు భాషలోనూ సరిగ్గా ఇదే పద్ధతి ఉండడం చూసి నేను మొదటిసారి ఎంత ఆశ్చర్యపోయానో చెప్పలేను. కోయడానికి వీలుకానిది అనే అర్థంలో పుట్టిన ‘ఆటమ్’ మొదట ఉన్నది ఆ ‘అ’ కాగా, ఆసుపత్రుల్లో రోజూ వినిపించే ‘అనీమియా’లో రక్తం అనే మాటకు ముందు నిలిచినది ఆ ‘అన్’. లాటిన్‌లో అదే ‘ఇన్’ అయింది, ఇంగ్లీషులో ‘అన్’ అయింది. మనం అజ్ఞాతం అనే మాట గ్రీకులో అగ్నోస్తోస్, లాటిన్‌లో ఇగ్నోతుస్, ఇంగ్లీషులో అన్‌నోన్. ముందున్న వ్యతిరేకమూ, వెనకనున్న ‘తెలియడం’ అనే ధాతువూ నాలుగింటిలోనూ ఒక్కటే. పైగా ఈ ‘అ’కు లేకపోవడం ఒక్కటే అర్థం కాదు. వ్యాకర్తలు దీనికి ఆరు అర్థాలు చెప్పారు. ‘అనుదర’ అంటే కడుపు లేనిది కాదు, సన్నని నడుము గలది. అధర్మం అంటే ధర్మానికి విరుద్ధమైనది.

సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు ఒకే భాషా కుటుంబానివి. తెలుగు ఆ కుటుంబంలోది కాదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని మద్రాసులో పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే చూపించాడు. మన భాషలో కాదనే మాట ముందుకు రాదు, చివరికి వస్తుంది: రాను, రాడు, లేదు, వద్దు, తెలియని, ఆరని. మన చెవి చివరి దాకా ఆగి, అవునో కాదో అక్కడ తేల్చుకుంటుంది. అనీమియాకు మనవాళ్లు వాడే రక్తహీనత సంస్కృత పదాలతో కూర్చినదే అయినా, లేమిని చివరికి తెచ్చుకుంది కనుక ఆశా కార్యకర్త చెప్పినా, గర్భిణి విన్నా ఆ మాట తడబడదు.

‘అన’తోనో ‘అను’తోనో మొదలైన మాటలన్నీ వ్యతిరేకాలు కాకపోవడం ఇంకొక చిక్కు. అనుమతి, అనుబంధం, అనుకూలం అనే మాటల్లో ఉన్నది ‘వెంట’ అనే అర్థమిచ్చే ‘అను’ ఉపసర్గ. కూలం అంటే ఒడ్డు. ఒడ్డు వెంట సాగేది అనుకూలం, దానికి ఎదురొచ్చేది ప్రతికూలం. గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగినవాళ్లకు ఇంతకంటే దగ్గరి మాట ఉండదు. దానికే మరొక ‘అన్’ తగిలించి ‘అననుకూల వాతావరణం’ అని రాస్తే, కళ్లంలో ధాన్యం ఆరబోసుకున్న రైతు ఆ నకారాలను లెక్కపెట్టుకోవలసి వస్తుంది. ఏటిగట్టు మీద ‘అనధికార ప్రవేశం నిషేధించడమైనది’ అన్న బోర్డు చూశాను. మూడు మాటల్లో రెండు కాదనడాలు. ‘అనుమతి లేకుండా రావద్దు’ అంటే సరిపోతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది గ్యాసు, పెట్రోలు ట్యాంకర్ల మీది ‘ఇన్‌ఫ్లేమబుల్’ అనే మాట. ఇందులోని ‘ఇన్’ కాదనే ‘ఇన్’ కాదు. లాటిన్‌లోనే ఉన్న, ‘లోపల’ అని చెప్పే వేరొక ‘ఇన్’. మంటలోకి పోయేది, అంటే తేలికగా అంటుకునేది అని దాని అర్థం. ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్ చదివిన పిల్లవాడు అది మండనిదని అనుకుంటే తప్పు వాడిది కాదు. ఈ ప్రమాదం గుర్తించే అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకు పనిచేసేవారు 1920ల నుంచే ‘ఫ్లేమబుల్’ అని రాయాలని పట్టుబట్టారు. మనది 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండడం చూసిన నేల, 2014 జూన్ 27న ‘నగరం’ అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి 20 మందికి పైగా ప్రాణాలు పోయిన నేల. ఆ ఘోరాలకు కారణం మాటలు కావు. కానీ పైపులైన్ల పక్కనే ఇళ్లూ, బడులూ ఉన్న చోట హెచ్చరిక చదివినవాడు ఒక్క క్షణమైనా సందేహపడకూడదు. ‘అంటుకునే గ్యాసు, నిప్పు తేవద్దు’ అని పెద్ద తెలుగు అక్షరాలతో రాయించాలి.

అన్యాయం, అబద్ధం వంటివి అందరి నోళ్లలో నలిగిన మాటలు; వాటిని మార్చమని నేను అనడం లేదు. ప్రజల డబ్బుకో ప్రాణానికో సంబంధించిన నోటీసుల్లో మాత్రం కాదన్న సంగతి వాక్యం చివర, తెలుగు క్రియతో చెప్పాలని కలెక్టర్లు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. మీ పత్రిక కూడా ‘అనధికార చెరువులు’ అనే చోట ‘అనుమతి లేని చెరువులు’ అని రాయాలని కోరుతున్నాను. ఆ పెద్దావిడ మళ్లీ అర్జీ పెట్టుకుంది. ఈసారి ఆమె చూసే కాగితం మీద ‘అర్హత ఉన్నవారు’, ‘అర్హత లేనివారు’ అని వేర్వేరుగా రాసి ఉంచాలని సంబంధిత అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు పండితుడు,
కోనసీమ