పక్కన ఒక్క అర్థం చాలదు

సంపాదకుడికి,

రోజుకు పది కష్టమైన ఇంగ్లిష్ మాటలు, పక్కనే ఒక్కో తెలుగు అర్థం వేసే శీర్షికలు పత్రికల్లో వస్తున్నాయి. పాఠకులు శ్రద్ధగా నోటుబుక్కులో ఎక్కించుకుంటారు. తీరా రాయబోతే ఆ మాట గుర్తుకు రాదు, వచ్చినా తప్పుచోట కూర్చుంటుంది. లోపం పాఠకులది కాదు, జాబితాది.

‘మిటిగేట్’ చూడండి. పక్కన ‘తగ్గించు’ అని ఉంటుంది. తెలుగులో ధర తగ్గిస్తాం, ఒళ్లు తగ్గిస్తాం, టీవీ సౌండు తగ్గిస్తాం. మిటిగేట్ వీటి దరిదాపులకు రాదు. రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్ లాంటి మాటలతోనే దాని పొత్తు. ‘మిటిగేట్ ద ప్రైస్’ అంటే వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, ఇంగ్లిష్ మాత్రం కాదు. ‘నొటోరియస్’ అంటే ‘ప్రసిద్ధి చెందిన’ అని వేస్తే ఇంకా ప్రమాదం. ‘పేరుమోసిన దొంగ’ అన్నప్పటి ఛాయ అందులో ఉంది. తెలియకపోతే శాస్త్రవేత్తను పొగడబోయి తిట్టినట్టే.

అందుకే పది బదులు మూడు వేయండి. ఒక్కోదానికి జత కట్టే మాటలు రెండు మూడు, ఒక పూర్తి వాక్యం ఇవ్వండి. ‘మిటిగేట్’, ‘మిలిటేట్’ (అడ్డుపడు) లాంటి కవలలను ఒకే రోజు వేయకండి, రెండూ కలగాపులగమవుతాయి. ‘మిటిగేట్ ఎగెనెస్ట్’ అన్న తప్పు పుట్టింది అక్కడే. ఎగెనెస్ట్ కావలసింది మిలిటేట్‌కి.

ఏ మాటలు ఎంచాలన్నదానికి భాషాశాస్త్రవేత్త ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ (చదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే మాటల జాబితా) ఉంది. అందులో 570 పద కుటుంబాలను (ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) వాడుక ఎక్కువ ఉన్నవి ముందు వచ్చేలా పది భాగాలు చేశారు. రోజుకు మూడు చొప్పున 190 రోజుల పని. ఎవరూ వాడని వింత మాటలు ఆ తర్వాత చూసుకోవచ్చు, చూడకపోయినా నష్టం లేదు.

పాఠకులు చేయాల్సిందీ ఉంది. కార్డుకు ఒకవైపు ఖాళీతో వాక్యం, రెండోవైపు మాట రాసుకోవాలి. తిప్పకముందే జవాబు పైకి అనాలి. రెండువైపులా చూస్తూ చదివితే వచ్చేసినట్టు భ్రమ తప్ప ఏమీ మిగలదు. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు మళ్లీ చూడాలి. తప్పితే ఆ కార్డు మళ్లీ మొదటి రోజుకు వెళ్లాలి.

మాట అర్థం ఊహించడానికి ధాతువులు, ముందు చేరే ఉపసర్గలు పనికొస్తాయి గానీ పూర్తిగా నమ్మకూడదు. ‘ఇన్’ అంటే ‘కాదు’ అనుకుని ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని రాసి ఉన్న డబ్బా పక్కన అగ్గిపుల్ల గీస్తే అంతే సంగతులు. అది ఇట్టే అంటుకుంటుందని దాని అర్థం.

ఆదివారం కొత్త మాటలు ఆపి, ఆ వారం వేసిన పద్దెనిమిదింటినే ఖాళీలుగా ఇవ్వండి. జవాబులు సోమవారం వేయండి, అదే పేజీలో తలకిందులుగా వద్దు.

– కొందరు ఇంగ్లిష్ అధ్యాపకులు