‘సహోదరులారా’లో మేమూ ఉంటే కమిటీలో ఎందుకు లేము?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ సిటీ పేజీలో ‘బైబిల్‌ను మార్చేస్తున్నారు: పాస్టర్ల ఆందోళన’ అని వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. బైబిల్‌లో ‘సహోదరులు’ అన్నచోట ‘సహోదరీ సహోదరులు’ అని మారుస్తున్నారని పాస్టర్లు మీటింగ్ పెట్టారన్నది ఆ వార్త. వచ్చిన రోజే రాద్దామనుకుని, పోనీలే అని ఊరుకున్నాను. ఈలోగా ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి కాంపౌండ్‌లో ఆ కటింగ్ పట్టుకుని ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకునేదాకా వచ్చారు. ఇక రాయక తప్పలేదు.

ముందు మీ పేపర్ సంగతి. మీటింగ్ పెట్టింది ప్రొటెస్టంట్ పాస్టర్లు. మీరు వేసిన ఫోటో పూజ చేస్తున్న ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) ఫాదర్‌ది. కింద ‘చర్చి ఫాదర్ల ఆగ్రహం’ అని ఇంకో ముక్క. ప్రతి క్రిస్మస్‌కి మెదక్ చర్చి ఫోటో వేస్తారు కదా, అది ప్రొటెస్టంట్లదే, కనీసం అదే మళ్లీ వేసినా సరిపోయేది. ఇంతకీ మార్చింది ఏ బైబిల్, ఎవరు మార్చారు, ఎప్పుడు అన్నది వార్త మొత్తం వెతికినా దొరకదు. మా వీధిలో ఒక పెద్దావిడ ఇది చదివి, తెలుగు బైబిల్నే ఎవరో దిద్దేశారనుకుని తన పాత పరిశుద్ధ గ్రంథాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. మనవడు ఎంత చెప్పినా బయటికి తియ్యడం లేదు.

మీరు రాయనిది నేను రాస్తాను. గొడవ ఎన్ఐవీ (న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్) అనే ఇంగ్లీషు బైబిల్ అనువాదానిది. 1978లో పూర్తి బైబిల్‌గా వచ్చింది, 1984లో కొద్దిగా సవరించారు. సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు సర్వీసుకి వెళ్లే ఇళ్లలో చాలావరకు ఉన్నది ఆ ప్రతే. తర్వాత 1996లో బ్రిటన్‌లో ఒక ప్రతి వేశారు. మూలంలో మాట ఆడ, మగ అందరికీ చెందేదైతే ఇంగ్లీషులో కూడా అందరికీ చెందేలాగే రాయాలన్నది వాళ్ల ఉద్దేశం. అమెరికాలోనూ అలాంటిది రాబోతోందని 1997 మార్చిలో ఒక పత్రిక బయటపెట్టేసరికి అక్కడ పెద్ద రగడ జరిగింది. మే నెలలో కొలరాడో స్ప్రింగ్స్‌లో, జేమ్స్ డాబ్సన్ అనే క్రైస్తవ నాయకుడి సంస్థ ఆఫీసులో కొందరు కూర్చుని, అనువాదంలో ఆడమగ మాటలు ఎలా ఉండాలో నియమాలు రాశారు. కూర్చున్నవాళ్లు అందరూ మగవాళ్లే. ‘సహోదరులు’ అన్నచోట ‘సహోదరీ సహోదరులు’ అనకూడదన్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి, గ్రీకులో ఆ బహువచనం ఆడవాళ్లను కూడా కలుపుకునేదేనని ఒప్పుకుని, సందర్భాన్ని బట్టి అలా రాయొచ్చని సెప్టెంబర్‌లో దిద్దుకున్నారు. మన వక్తలు మొదటి నియమాల దగ్గరే ఆగిపోయినట్టున్నారు. దిద్దుబాటు ఇంకా హైదరాబాద్ చేరలేదు.

ఆ తర్వాత 2005లో ఆడమగ మాటలు దిద్దిన ఎన్ఐవీ, టీఎన్ఐవీ అన్న పేరుతో పూర్తిగా వచ్చింది, ఎవరూ పెద్దగా కొనలేదు. 2011లో కొత్త ఎన్ఐవీ వచ్చింది. పాత 1984 ప్రతిని ఆపేశారు. ఆ ఏడాదే అమెరికాలోని సదరన్ బాప్టిస్టు చర్చిలవాళ్లు దాని మీద తీర్మానం చేశారు, అమ్మొద్దని తమ సొంత పుస్తకాల దుకాణాలకే చెప్పారు. ఆ దుకాణాలు మాత్రం అమ్ముతూనే వచ్చాయి. తీర్మానాలకు అక్కడా మన దగ్గరా ఒకటే విలువ.

వ్యతిరేకించేవాళ్ల మాటలో న్యాయం లేదనను. కీర్తన 34:20 చూడండి. నీతిమంతుడి ఎముకల్లో ఒక్కటీ విరగదని ఉంది. సిలువ దగ్గర జరిగింది రాస్తూ యోహాను 19వ అధ్యాయంలో ఆ మాటే గుర్తుకు తెస్తాడు. 1989లో వచ్చిన ఎన్ఆర్‌ఎస్‌వీ అనే ఇంకో ఇంగ్లీషు అనువాదం దాన్ని బహువచనం చేసేసింది. చేస్తే ఆ ఒక్కడు క్రీస్తేనన్న సూచన పోతుంది. ఇది నిజంగా నష్టమే, ఆ మాట చెప్పినవాళ్లను ఎగతాళి చేయడం తప్పు. కానీ 2011 ఎన్ఐవీ ఆ చోట ఏకవచనమే ఉంచింది. పుస్తకం తెరిచి చూసి మాట్లాడితే తెలిసేది. తిట్టడానికి తెరవక్కర్లేదు కదా.

మీ వార్తలో వక్తగారు ‘ఈఎస్‌వీ ఒక్కటే నమ్మదగింది, అందులో మార్పులుండవు’ అని సెలవిచ్చారట. ఈఎస్‌వీ కూడా ఒక ఇంగ్లీషు అనువాదమే. 2016లో ఈఎస్‌వీ వాళ్లు ఆదికాండం 3:16లో స్త్రీ కోరిక భర్త ‘వైపు’ అని ఉన్నదాన్ని భర్తకు ‘వ్యతిరేకంగా’ అని మార్చారు. పైగా ఇక ఈ పాఠం శాశ్వతం, ఎప్పటికీ మార్చబోమని ప్రకటించారు. ఆ ఏడాదే శాశ్వతం అన్నది పొరపాటని వెనక్కి తీసుకున్నారు. 2025లో ఆ వచనాన్ని మళ్లీ ‘వైపు’కి తెచ్చారు. తొమ్మిదేళ్లపాటు ఆ వచనం ఆడదాన్ని మొగుడికి ఎదురు నిలబెట్టింది, దాని మీద ఈ ఊళ్లో ఒక్క మీటింగ్ కూడా పెట్టలేదు. మీరు ఫాదర్ ఫోటో వేశారు కాబట్టి ఇంకో మాట. మన దేశంలో క్యాథలిక్కుల ఇంగ్లీషు పూజలో 2020 నుంచి చదువుతున్నది ఆ ఈఎస్‌వీ క్యాథలిక్ ప్రతే. మీ ఫోటోలో ఆయనకు ఆగ్రహం రావాల్సిన పనే లేదు.

తెలుగులో మన సంగతి వేరు. ‘విశ్వాసముంచు ప్రతివాడును నశింపక’ అని సండే స్కూల్లో ఆడపిల్లలే గొంతెత్తి అప్పజెప్పారు, నేనూ చెప్పాను, ఎన్నో తరాల పిల్లలకు నేర్పాను. అందులో నేను లేనేమోనని నాకెప్పుడూ టెన్షన్ పట్టలేదు. పాత బైబిల్ భాషలో మోషే అయినా మరియ అయినా ‘చెప్పెను’ ఒకటే. వాడుక భాషలోకి వచ్చాకే ‘చెప్పాడు’, ‘చెప్పింది’ అని విడిపోయాం. అందుకే ఇంగ్లీషువాళ్ల తగాదాను ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ దించడం నాకు నచ్చలేదు. అయితే దాన్ని ఎందుకు తెచ్చారో మాత్రం బాగానే అర్థమైంది.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 13వ సెక్షన్ ఒకటుంది. చట్టంలో పుంలింగంలో రాసిన మాటలు స్త్రీలకూ వర్తిస్తాయని దాని అర్థం. ఆ సెక్షన్ ఉంది కాబట్టి దస్తావేజు తెచ్చిన ఆడమనిషితో ‘ఇక్కడ అతడు అని ఉందమ్మా, నువ్వు వెళ్లిపో’ అని ఏ గుమాస్తా అనలేడు. బ్రిటిష్‌వాడు రాసిన చట్టానికి ఉన్న ఇంగితం అది. మన పెద్దలు కూడా ‘సహోదరులారా అంటే మీరూ వచ్చేస్తారమ్మా, విడిగా ఎందుకు’ అంటారు. సరే, వచ్చేశాం. మరి చర్చి వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ ఎన్నికల్లో ‘సహోదరులు నామినేషన్లు వేయాలి’ అని ప్రకటించినప్పుడు మేము ఎటు పోయాం? ఆస్తుల కమిటీలో, ఆడిట్‌లో, ప్రసంగ వేదిక ఎక్కే జాబితాలో మేం ఎందుకు కనపడం? కానుకల సంచీ తిప్పేటప్పుడు, కన్వెన్షన్‌కి వంటలు వండేటప్పుడు మాత్రం ఎవరికీ వ్యాకరణం అడ్డు రాదు.

మా వారు పోయినప్పుడు సమాధి చోటు కోసం కాగితం పెట్టుకుంటే ‘కుటుంబ పెద్ద’ సంతకం కావాలన్నారు. నేనే పెద్దనన్నాను. మగవాళ్లెవరైనా ఉంటే పిలవండి అన్నారు. ఇంట్లో శవం, నేను వరంగల్ నుంచి మా మరిది వచ్చేదాకా కూర్చున్నాను. రేషన్ కార్డులో ఇంటి పెద్ద ఆడమనిషే అని 2013 ఆహార భద్రత చట్టంలో రాశారు. బియ్యం తెచ్చుకోవడానికి పనికొచ్చిన పెద్దరికం మొగుణ్ని పూడ్చుకోవడానికి పనికిరాలేదు. అసలు నగరంలో క్రైస్తవులకు సమాధి స్థలాలే లేవు. నారాయణగూడ లాంటి పాత శ్మశానాల్లో ఉన్న సమాధి మీదే ఇంకొకరిని పెట్టుకోవాల్సి వస్తోంది. అడగాల్సినవాళ్లు అర్జీ పట్టుకుని ఏ అధికారి దగ్గరికీ వెళ్లరు. ఎన్నికల ముందు ప్రతి పార్టీ నాయకుడూ వచ్చి కేక్ కోసి, స్థలం ఇస్తామని చెప్పి వెళ్తాడు. సర్వనామాల మీద హాలు బుక్ చేసి మైకులు పెట్టే ఓపిక, స్థలం కోసం కలెక్టరేట్ దాకా వెళ్లడానికి ఎందుకు రాదో. ఇక చర్చి ఆస్తుల కోర్టు కేసుల సంగతి ఎత్తను, పేపర్ చాలదు.

‘ఈ ఆడమగ భాషంతా పాశ్చాత్య వ్యామోహం’ అని కూడా ఒకరు అన్నారట. పల్లెల్లో గడపగడపకీ నడిచి ఆడవాళ్లకు చదువు చెప్పి, వాక్యం చెప్పిన బైబిల్ ఉమెన్ ఎవరు మరి? మన తెలుగువాళ్ల అమ్మమ్మలే. 2013లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో మొట్టమొదటి మహిళా బిషప్ అయిన ఎగ్గోని పుష్పలలిత గారు లండన్ నుంచి దిగలేదు, నంద్యాల డయోసిస్‌కి బిషప్ అయ్యారు. ఆవిడ చేతుల మీదుగా ప్రభురాత్రి భోజనం తీసుకున్నవాళ్లు ఎవరూ చెడిపోయినట్టు నేను వినలేదు.

ఇన్ని రోజులుగా ఈ చర్చలో నాకు కనిపించనిది ఒక్కటే. ‘సహోదరీ’ అన్న మాట ఉండాలా వద్దా అని సహోదరీలను ఎవరూ అడగలేదు. మా స్త్రీల కూడికలో అడిగి చూడండి. సగం మంది పాత తెలుగే ముద్దంటారు, నేనూ వాళ్లలోనే ఉంటాను. అడిగాక అలా తేలితే గొడవే లేదు.

వచ్చే నెల రెండో మీటింగ్ అట. కరపత్రం వాట్సాప్‌లో వచ్చింది. వక్తల్లో ఒక్క స్త్రీ పేరు లేదు, అడుగున ‘స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు’ అని మాత్రం వేశారు. వక్తలుగా పిలవడానికి స్త్రీలు దొరకలేదంటే నమ్మను. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ 1973 నుంచీ ఇక్కడే ఉంది, అక్కడ గ్రీకు, హీబ్రూ చదువుకున్న ఆడవాళ్లున్నారు. నిర్వాహకులు ఒక్కరిని పిలవనివ్వండి, ఆవిడ రానూపోనూ ఆటో ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగిని,
వెస్ట్ మారేడ్‌పల్లి, సికింద్రాబాద్