ఫ్రెస్నో స్టేట్ 2008 సీజన్ గురించి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా కళాశాల బేస్‌బాల్ గురించి మన క్రీడా పుటల్లో ఎప్పుడైనా రెండు మాటలు వస్తే అవి విజేత పేరుతోనే ముగుస్తాయి. ఒక జట్టు సీజన్ మొత్తాన్ని వివరంగా రాస్తే, ఆ ఆట తెలియని పాఠకుడు కూడా ఆసక్తిగా చదువుతాడని నా నమ్మకం. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో స్టేట్ విశ్వవిద్యాలయం 2008 సీజన్ అందుకు తగిన ఉదాహరణ.

అరవై నాలుగు జట్ల జాతీయ పోటీలో, నాలుగేసి జట్లున్న ప్రాంతీయ దశలో ఆ జట్టుకు దక్కింది చివరిదైన నాలుగో ర్యాంకు. పైగా ప్రధాన పిచర్ (బంతి విసిరే ఆటగాడు) టానర్ షెపర్స్ భుజం గాయంతో అప్పటికే దూరమయ్యాడు. అయినా ప్రాంతీయ దశ జరిగిన లాంగ్ బీచ్‌లో, ఆ తర్వాత అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ జట్టు సొంత మైదానంలో గెలిచి, పోటీ చివరి దశ జరిగే ఒమాహా నగరానికి చేరింది. మూడు మ్యాచ్‌ల ఫైనల్లో జార్జియా విశ్వవిద్యాలయ జట్టు చేతిలో మొదటిది 6-7తో ఓడి, రెండో దానిలో 0-5తో వెనుకబడి కూడా 19-10తో గెలవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. నిర్ణాయక మ్యాచ్‌లో జట్టు చేసిన ఆరు పరుగులూ, బొటనవేలి లిగమెంట్ చిరిగిన చేత్తోనే ఆడిన స్టీవ్ డెట్‌వైలర్ బ్యాటు చలవే. అందులో రెండు హోమ్ రన్లు (బంతిని మైదానం హద్దు దాటించే కొట్లు) ఉన్నాయి. స్కోరు 6-1.

ఆ ఏడాది జట్టు 47 గెలిచి 31 ఓడింది. ఇన్ని ఓటములతో ఛాంపియన్ అయిన జట్టు అంతకుముందు లేదు. ఇటువంటి సీజన్లపై నెలకొక వ్యాసమైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ