కానుకకు గుడ్డ సంచి

సంపాదకులకు నమస్కారం.

మా గృహప్రవేశం మర్నాడు కానుకలు విప్పుతుంటే మెరుపు కాగితాలు, టేపు ముక్కలతో రెండు బస్తాలు నిండాయి. ప్లాస్టిక్ పూత ఉన్న ఆ కాగితాన్ని పాత పేపర్లు కొనే మనిషి సైతం తూకానికి వేసుకోలేదు. మిఠాయి పెట్టెలకూ ఆహ్వాన పత్రికలకూ చుట్టే ప్లాస్టిక్ పొరను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించినా, కానుకల కాగితం మీదికి మన ఆలోచన ఇంకా పోలేదు.

ప్రతి ఇంటి బీరువాలోనూ పేరంటాలలో చేతులు మారుతూ వచ్చిన రవికె గుడ్డలు కట్టలుగా పడి ఉంటాయి (పెట్టినవారికే తిరిగి పెట్టిన సందర్భాలూ లేకపోలేదు). 80 సెంటీమీటర్ల ముక్కను సగానికి మడిచి, రెండు పక్కలా కుట్టి, పై అంచును రెండు వేళ్ల వెడల్పున మడిచి నాడా ఎక్కిస్తే, చీర పట్టేంత సంచి తయారవుతుంది. పక్క కుట్టును పై అంచు దాకా వేసేస్తే నాడాకు దారి ఉండదన్నది, మొదటి సంచి విప్పుకున్నాకే నాకు తెలిసింది. పట్టు ముక్కలైతే పోగులు ఊడకుండా లోపల మరో కుట్టు వేయాలి.

పెళ్లిళ్ల సీజన్‌కు ముందే ఈ సంచుల కొలతలను బొమ్మలతో సహా మీ పత్రికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం