నీ ప్రశ్నకు జవాబు, కాస్త ఆలస్యంగా

బుజ్జీ,

"ప్రభుత్వం మీద నమ్మకం లేనివాళ్ళే తుపాకులు కొంటారా నాన్నా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. అవునని తేలిగ్గా అనేశాను. తర్వాత ఆలోచిస్తే అది సగం జవాబే అనిపించింది.

ఆ సగం అమెరికాది. ఆయుధాలు ఉంచుకునే హక్కును కాపాడే 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ వెనక, పాలకులు నిరంకుశులైతే జనం చేతిలో ఆయుధం ఉండాలన్న ఆలోచన కొంత ఉంది. ఇప్పటికీ అక్కడ ఆ మాట అనేవాళ్ళు ఉన్నారు. కానీ 2023లో ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళు తుపాకీ ఉన్నవాళ్ళని అడిగితే, 72 శాతం మంది ఆత్మరక్షణ తమకో ముఖ్య కారణమన్నారు. ప్రభుత్వం మన మీద పడుతుందన్న భయం వేరు, అవసరానికి రాదన్న భయం వేరు. తుపాకులు ఎక్కువ కొనిపించేది రెండోదేనని నాకనిపిస్తుంది.

ఆ రెండో భయం నాకు తెలుసు. నీకప్పుడు నాలుగేళ్ళు. ఇంట్లో దొంగలు పడ్డ రాత్రి ఫోన్ చేస్తే పోలీసులు తెల్లారాక వచ్చారు. అప్పటిదాకా నిన్ను ఒళ్ళో వేసుకుని తలుపు వంకే చూస్తూ కూర్చున్నాను. చేతిలో తుపాకీ ఉంటే బాగుండునని నేనే, బల్లిని చూసి భయపడే నేనే, అనుకున్నాను! ఎవరి మీదా కోపంతో కాదు. వస్తారన్న ధీమా పోయింది, అంతే.

స్విట్జర్లాండ్‌ సంగతి చూడు. సైనిక సేవలో ఉన్నవాళ్ళు ఆర్మీ ఇచ్చిన రైఫిల్‌ని ఇంట్లోనే పెట్టుకోవచ్చు. వాటిని ఆయుధాగారాల్లో పెట్టించాలన్న ప్రతిపాదనను 2011లో ఓటర్లే కాదన్నారు. అలాగని ప్రభుత్వాన్ని నమ్మని దేశమా అంటే, బాగా నమ్మే దేశాల్లో అదొకటి. వాళ్ళకు ఆ రైఫిల్ ప్రభుత్వం తమను నమ్మి అప్పగించిన వస్తువు.

అల్బేనియాలో దీనికి పూర్తిగా తలకిందులు. 1997లో గొలుసుకట్టు పెట్టుబడి పథకాలు కూలి జనం దాచుకున్న డబ్బంతా పోయింది. పాలన చేతులెత్తేసింది. జనం సైన్యపు ఆయుధాగారాలను కొల్లగొట్టి లక్షల తుపాకులు ఇళ్ళకు మోసుకుపోయారు. తర్వాత వాటిని వెనక్కి రాబట్టడానికి ఏళ్ళు పట్టింది, అదీ అన్నీ రాలేదు.

కొనడం కన్నా తిరిగి ఇచ్చేయడం దగ్గరే నమ్మకం సంగతి బాగా బయటపడుతుందేమో. 1996లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాక, ప్రభుత్వం పరిహారం కట్టి సుమారు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కి తీసుకుంది. అంతా నవ్వుతూ ఇచ్చారనుకోకు. తుపాకీ యజమానుల సభలో మాట్లాడటానికి ప్రధాని జాన్ హోవార్డ్ బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని వెళ్ళాడు. గొణుక్కున్నా ఇచ్చారు. రేపు ఆపదొస్తే ఎవరో ఒకరు వస్తారనే కదా?

ఆ రాత్రి ఎవరైనా పావుగంటలో వచ్చి ఉంటే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు. మీ అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

నాన్న