2020 వార్షిక నివేదిక: ఓటరు అవగాహన, ఆ మూడు ఆదివారాలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2020లో మన తెలుగు సంఘం చేసిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. ఈసారి నివేదికలో సగానికి పైగా ఓటరు అవగాహన కార్యక్రమం గురించే ఉంటుంది. మార్చి తర్వాత కరోనా వల్ల మనం ఒక చోట కలిసింది లేదు, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. వెనకబడిన జో బైడెన్ డెమోక్రటిక్ పార్టీ నామినేషన్ (అధ్యక్ష అభ్యర్థిత్వం) గెలవగలరా అని దేశమంతా అడిగిన ప్రశ్నకు జవాబు మన కొలంబియాలోనే, మన దక్షిణ కరోలినాలోనే దొరికింది. దాన్ని రాసి భద్రపరచడం కార్యదర్శిగా నా బాధ్యత అనుకుంటున్నాను.

జనవరిలో సంక్రాంతి సంబరాలు ఎప్పటిలాగే జరిగాయి. భోగిపళ్లు, ముగ్గులు, పిల్లల పద్యాలు, అరిసెలు, అన్నీ కుదిరాయి. వంటలో చేయి వేసిన కుటుంబాలకు కృతజ్ఞతలు.

ఇక ఫిబ్రవరి. 9, 16, 23 తేదీల్లో, మూడు ఆదివారాలు మధ్యాహ్నం ఓటరు అవగాహన సమావేశాలు పెట్టాం. పన్ను మినహాయింపు ఉన్న సంఘం కాబట్టి మనం ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, ఎవరికీ వ్యతిరేకంగా ప్రచారం చేయకూడదు. ఎన్నిక ఎలా జరుగుతుందో చెప్పవచ్చు, ఓటరు నమోదుకు సాయపడవచ్చు. ఆ గీత దాటలేదని కార్యవర్గం తరఫున స్పష్టంగా చెబుతున్నాను. వచ్చినవారిలో చాలామంది గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవారే. పౌరసత్వం లేనివారు పొరపాటున కూడా నమోదు పత్రం నింపవద్దని ప్రతి సమావేశం మొదట్లోనూ చెప్పాం.

సభ్యులు తెచ్చిన ప్రశ్న ఒక్కటే. ఇంతగా వెనకబడిన జో బైడెన్ ఇంకా డెమోక్రటిక్ పార్టీ నామినేషన్ గెలవగలరా? అప్పటికే మనవాళ్ల మనసు కొంత చిన్నబోయి ఉంది. చెన్నై మూలాలున్న తల్లికి పుట్టిన కమలా హారిస్, ఒక్క ఓటు పడకముందే, 2019 డిసెంబరు 3న డబ్బు చాలక తప్పుకున్నారు. బైడెన్ పరిస్థితీ బాగోలేదు. పార్టీ అభ్యర్థిని రాష్ట్రాలవారీగా ఎంచుకునే పోటీల్లో, ఫిబ్రవరి 3న అయోవాలో నాలుగో స్థానం. 11న న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఆ రాత్రి లెక్కింపు పూర్తయ్యేదాకా కూడా అక్కడ ఉండకుండా విమానమెక్కి మన కొలంబియా వచ్చేశారు. ఆయన పని అయిపోయిందని టీవీల్లో చెబుతుంటే మన సభ్యుల్లోనూ చాలామంది నమ్మారు.

16వ తేదీ సమావేశంలో ఒక సభ్యుడి తల్లిగారు లేచి నిలబడ్డారు. ఆవిడకు పౌరసత్వం కొత్తగా వచ్చింది, ఇదే మొదటి ఓటు. "గెలవని మనిషికి వేస్తే ఓటు మురిగిపోదా బాబూ?" అని అడిగారు. ఆ మాటకు గదిలో చాలా తలలు ఊగాయి.

అప్పుడు మన కోశాధికారి బల్ల మీద చింతపిక్కల సీసా పెట్టారు. వామనగుంటలు ఆడుకోవడానికి ఊరి నుంచి తెచ్చుకున్న పిక్కలవి. పక్కన ఐదు స్టీలు గిన్నెలు సర్ది, ఒక్కో గిన్నె మీద ఒక్కో అభ్యర్థి పేరు అంటించారు. పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను ఒక్కో రాష్ట్రంలో వచ్చిన ఓట్లను బట్టి పంచుతారు. న్యూ హాంప్‌షైర్‌లో పంచేది 24 మందిని, కాబట్టి 24 పిక్కలు తీశారు. డెమోక్రటిక్ పార్టీ నియమం ప్రకారం 15 శాతం ఓట్లు దాటినవారికే వాటా దక్కుతుంది. శాండర్స్ గిన్నెలో 9, బుటిజెజ్ గిన్నెలో 9, క్లోబుచర్ గిన్నెలో 6 పడ్డాయి. వారెన్ గిన్నె ఖాళీ. బైడెన్ గిన్నె ఖాళీ. "చూశారా, చెప్పాను కదా పిన్నిగారూ" అని ఎవరో అన్నారు.

కోశాధికారి అక్కడితో ఆపలేదు. అయోవాకు 41, న్యూ హాంప్‌షైర్‌కు 24, ఆ తర్వాతి శనివారం ఓటు వేసే నెవాడాకు 36, మొత్తం 101 పిక్కలు లెక్కపెట్టి కుప్ప పోశారు. దేశం మొత్తం మీద ఓటర్లు ఎంపిక చేసే ప్రతినిధులు 3,979 మంది. మహాసభ మొదటి రౌండు ఓటింగులోనే నామినేషన్ దక్కాలంటే 1,991 మంది కావాలి. నెవాడా కూడా అయిపోయాక ఇంకా 3,878 మిగిలి ఉంటారు, అన్ని పిక్కలు చూపించడానికి ఇలాంటి సీసాలు ఎన్నో కావాలి అన్నారు. పిల్లలు బల్ల చుట్టూ మూగారు. ఆ చిన్న కుప్పను చూసి పిన్నిగారు కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. ఈ ఏడాది మన సంఘం చేసిన పనులన్నిటిలో నేను గర్వపడేది ఆ పది నిమిషాల గురించి.

వెనకబడిన ప్రతివారూ గట్టెక్కుతారని మేం చెప్పలేదు, అలా చెబితే అబద్ధమే. 2008 రిపబ్లికన్ పోటీలో రూడీ గియులియాని ముందు రాష్ట్రాలను వదిలేసి ఫ్లోరిడా మీదే ఆశ పెట్టుకున్నారు. అక్కడ మూడో స్థానంలో నిలిచి తప్పుకున్నారు. అదే ఏడాది జాన్ మెకెయిన్ కథ వేరు. 2007 వేసవిలో ఆయన ప్రచారం దగ్గర డబ్బు నిండుకుంది, సిబ్బంది వెళ్లిపోయారు. అయినా న్యూ హాంప్‌షైర్ గెలిచారు, తర్వాత మన రాష్ట్రం గెలిచారు, చివరకు నామినేషన్ గెలిచారు. 2000లో ఆయన ఆశలను దెబ్బతీసిందీ మన రాష్ట్రమే. పార్టీ నియమాలూ చూడాలి. 2016లో రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రాష్ట్ర ఎన్నికలో) డొనాల్డ్ ట్రంప్ ఇక్కడ మూడో వంతు కంటే కొంచెం తక్కువ ఓట్లతోనే 50 మంది ప్రతినిధులనూ తీసుకున్నారు. జెబ్ బుష్ ఆ రాత్రే విరమించుకున్నారు. గెలిచినవారికే అంతా పోయే చోట వెనకబడినవారికి గడువు తక్కువ. వాటాలు పంచే చోట కాస్త ఊపిరి పీల్చుకునే సమయం ఉంటుంది.

23న, నెవాడా ఫలితం వచ్చిన మర్నాడు, చర్చ వేడెక్కింది. శాండర్స్ పెద్ద తేడాతో గెలిచారు, బైడెన్ చాలా దూరంలో రెండో స్థానంలో ఉన్నారు. అయితే అయోవా, న్యూ హాంప్‌షైర్ రెండూ తెల్లవారు అత్యధికంగా ఉండే రాష్ట్రాలు. మన రాష్ట్రంలో డెమోక్రటిక్ ప్రైమరీ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివారు. వారి మాట ఇంకా ఎవరూ వినలేదు. 26న కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ క్లైబర్న్ బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. అంతకుముందు ఒక అంత్యక్రియల్లో ముందు వరుసలో కూర్చున్న పెద్దావిడ ఆయన్ను దగ్గరకు పిలిచి, ఎవరికి ఓటు వేస్తున్నారో చెవిలో చెప్పమని అడిగారని ఆయనే తర్వాత చెప్పారు. ఆ పెద్దావిడ ప్రశ్న, మన పిన్నిగారి ప్రశ్న నాకు ఒకే గుమ్మంలోంచి వచ్చినట్టు అనిపిస్తాయి.

29వ తేదీ శనివారం. ఉదయం ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి వరకు పోలింగ్. కార్లు లేని పెద్దవారిని మన యువత దిగబెట్టి తీసుకొచ్చారు. పిన్నిగారు పట్టుచీర కట్టుకుని, ఫోటో గుర్తింపు కార్డు చేతిరుమాలులో చుట్టుకుని వచ్చారు. ఎవరికి వేశారని మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఏడు కొట్టగానే, లెక్కింపు మొదలయ్యే వేళకే, బైడెన్ గెలిచారని వార్తాసంస్థలు ప్రకటించాయి. రాష్ట్రంలోని 46 కౌంటీలూ ఆయనవే. 54 మంది ప్రతినిధుల్లో 39 ఆయనకు, 15 శాండర్స్‌కు. ఇక్కడ విపరీతంగా ఖర్చు పెట్టిన టామ్ స్టెయర్ 15 శాతం అందుకోలేక ఆ రాత్రే తప్పుకున్నారు.

మర్నాడు బుటిజెజ్, సోమవారం క్లోబుచర్ విరమించి, ఇద్దరూ బైడెన్ పక్షాన నిలిచారు. మార్చి 3న ఓటు వేసిన 14 రాష్ట్రాల్లో 10 బైడెన్ గెలిచారు. ఏప్రిల్ 8న శాండర్స్ తప్పుకున్నారు. ఆగస్టులో కమలా హారిస్ ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యారు. కాలిఫోర్నియాలో ఉన్న ఒక సభ్యురాలి చెల్లెలు ముందే తపాలాలో బుటిజెజ్‌కు ఓటు పంపేశారు, ఆయన తప్పుకున్న వార్త విని ఫోనులో ఏడ్చారట. ముందస్తు ఓటు సౌకర్యమే, కానీ అభ్యర్థులు ఇంకా తప్పుకుంటున్న ప్రైమరీలో వీలైనంత ఆఖరున వేయడం మేలని నా గట్టి అభిప్రాయం.

మార్చి 25న జరగవలసిన ఉగాది రద్దయింది. హాలుకు కట్టిన బయానా పూర్తిగా వెనక్కి వచ్చింది. వసతి గృహాలు మూతపడి చిక్కుకుపోయిన తెలుగు విద్యార్థులకు వేసవి దాకా బియ్యం, పప్పు, పచ్చళ్లు అందించాం. తెలుగు బడి జూమ్‌లో సాగింది. నవంబరు ఎన్నికకు గైర్హాజరు ఓటు అందరికీ అనుమతించినా, కవరు మీద సాక్షి సంతకం విషయంలో నియమం మారుతూ రావడంతో పెద్దవారు కంగారుపడ్డారు. ఇద్దరు కార్యకర్తలు ఇంటింటికీ ఫోను చేసి వివరించారు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

రాబోయే కార్యవర్గానికి ఒక మనవి. ఈ రాష్ట్రంలో పోలింగుకు 30 రోజుల ముందే నమోదు ముగుస్తుంది. కాబట్టి తదుపరి ప్రైమరీకి సమావేశాలు ఫిబ్రవరిలో కాక డిసెంబరులోనే మొదలుపెట్టండి. చింతపిక్కల సీసా, పేర్లు అంటించిన ఐదు గిన్నెలు సంఘం బీరువా పై అరలో ఉన్నాయి. లెక్కలో నాలుగు పిక్కలు తగ్గాయి, పిల్లల దగ్గర ఉంటే దయచేసి పంపించండి.

ఇట్లు,
కార్యదర్శి